ఒక్కో డబ్బాలో ఒక్కటి

ప్రియమైన తమ్ముడికి,

క్షేమంగా చేరాను. కిటికీ పక్క సీటే దొరికింది కానీ ఆ అద్దం పైకి పోదు, కిందికి రాదు. దారంతా గాలి మొహాన కొట్టి, నేను దిగేసరికి నా జుట్టు చూసి మా ల్యాబ్ వాచ్‌మన్ ఐడీ కార్డు అడిగాడు. ఇన్నేళ్లుగా రోజూ నమస్తే పెట్టే మనిషి!

నీ సంగతి చెప్పు. నిద్ర పడుతోందా? మాత్ర వేళకి వేసుకుంటున్నావా? నీ ఫోను ఆపించి పిన్ని బీరువాలో పెట్టించింది నేనే కాబట్టి ఇక మనకి ఉత్తరాలే దిక్కు. ఫోను మోగితే చాలు నీ మొహం పాలిపోవడం నా కళ్లతో చూశాను. ఏ షాపాయనో "నా బోర్డు ఎప్పుడు రాస్తావయ్యా" అంటాడని నీ భయం. ఇప్పుడిక ఎవరూ అనరు. హాయిగా పడుకో.

పిన్నికి నూటొక్కసారి చెప్పి వచ్చాను. నీ గదిలోకి ఎవర్నీ రానివ్వొద్దు, పని మాట ఎత్తొద్దు, కర్టెన్లు వేసి ఉంచాలి, గట్టిగా మాట్లాడకూడదు. జీవితమంతా స్కూల్లో ఆటల టీచరుగా విజిలూది, అరిచి బతికిన మనిషికి గట్టిగా మాట్లాడొద్దనడమంటే ఊపిరి పీల్చొద్దనడమే. అయినా పాపం మాటిచ్చింది. ఆవిడ ఒక్కతే ఉండే ఇల్లు కాబట్టి వచ్చేపోయేవాళ్ల గొడవ కూడా ఉండదు.

ఆ రోజు మందుల షాపు బోర్డు రాస్తూ రాస్తూ నిచ్చెన మీద కుంచె పట్టుకుని అలాగే బిగుసుకుపోయావని, నిన్ను కిందికి దించడానికి షాపాయనా పక్క సెలూనాయనా ఇద్దరూ పట్టుకోవాల్సి వచ్చిందని విన్నాక ఉన్నపళంగా బస్సెక్కి వచ్చేశానురా. నీ చెయ్యి మళ్లీ కుంచె పట్టాలి. నాకు ఇంకేం వద్దు. కానీ తొందరేం లేదు, ముందు విశ్రాంతి.

బయల్దేరేటప్పుడు "నీ ల్యాబ్ ఎలుకలకీ నా మాత్రలకీ ఏం సంబంధం" అని అడిగావు కదా. బస్సు కదిలిపోయింది, చెప్పలేకపోయాను. మెదడులో ఒక రకం ప్రోటీను ఉంటుంది. నాడీకణాలకి అది ఎరువులాంటిది. అది సరిపడా ఉంటే కణాలు కొత్త కొమ్మలు వేస్తాయి, ఒకదాన్నొకటి అందుకుంటాయి. తగ్గిపోతే ముడుచుకుంటాయి. అలా ముడుచుకున్న ఎలుక బెంగగా ఉంటుంది, ప్రతిదానికీ జంకుతుంది. నువ్వు వేసుకునే మాత్రల్లాంటి మందులు మెల్లగా ఆ ప్రోటీనుని పెంచుతాయని మా లెక్క. అది పెరిగితే నిజంగానే ఎలుక గుణం మారుతుందా, మనసు తేలికపడుతుందా అన్నది నా ప్రయోగం. అందుకే నీ మాత్ర నెమ్మదిగా పనిచేస్తోందని విసుక్కోకు. ఎరువు వేసిన మర్నాడే పూలు పూయవు కదా.

భోజనం పెందలాడే చెయ్యి. పిన్నిని అడిగానని చెప్పు.

నీ
అక్క

~

ఎలుకల మహారాణి అక్కయ్యగారి సముఖానికి,

నీ ఉత్తరాన్ని పిన్ని ట్రేలో పెట్టుకుని తెచ్చింది, ఆస్పత్రి నర్సులాగా. నువ్వు గుసగుసగా మాట్లాడమన్నావు కదా. ఆవిడ గుసగుసలాడుతుంటే పక్కింటావిడ వచ్చి "ఎవరితోనండీ గొడవ" అని అడిగి వెళ్లింది.

నిన్న నేను పడుకున్నాననుకుని చెప్పులు విప్పేసి, మునివేళ్ల మీద నడుచుకుంటూ వచ్చి స్టూలు తన్నుకుంది. స్టూలు మీద గ్లాసు, గ్లాసులో నీళ్లు, కింద నా దుప్పటి. కాసేపు ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. తర్వాత ఆపుకోలేక పొట్టలు పట్టుకుని నవ్వాం. ఇలా నవ్వడానికి పర్మిషన్ ఉందో లేదో కనుక్కుని రాయి.

మాత్రలు వేసుకుంటున్నాను. ఒట్టు. నిద్ర కూడా పడుతోంది, పడకపోతే చేసేదేముంది కనుక. అక్కా, ఏమీ చేయకుండా ఉండటం ఇంత కష్టమని ఎవరైనా చెప్పి ఉంటే వాళ్ల కాళ్లు మొక్కి ఏదైనా చేసేవాణ్ణి. పొద్దున్నుంచి సీలింగులో పగుళ్లు చూస్తుంటాను. ఒక పగులు అచ్చం "క" లాగా ఉంది. కానీ తలకట్టు దగ్గర వంపు తప్పింది. సరిచేయాలనిపించింది. అనిపించగానే చెయ్యి చల్లబడిపోయింది. గోడవైపు తిరిగి పడుకున్నాను.

నువ్వు బాధపడతావని ఈ ముక్క కొట్టేద్దామనుకున్నాను. నిజం చెప్పమన్నావు కాబట్టి ఉంచేశాను.

సరే, నా ప్రశ్న. ఎలుకకి బెంగగా ఉందో లేదో మీకెలా తెలుస్తుంది? దాన్ని కూర్చోబెట్టి "ఏమ్మా, ఈమధ్య ఎలా ఉంటోంది" అని అడుగుతారా? లేకపోతే అవి కూడా నాలాగే గోడవైపు తిరుగుతాయా?

నీ
గోడవైపు తమ్ముడు

~

ఒరేయ్ తమ్ముడూ,

నవ్వుకి పర్మిషన్ ఇచ్చాం. స్టూళ్లు తన్నడానికి ఇవ్వలేదు. పిన్ని కాలికి దెబ్బేం తగల్లేదు కదా?

నువ్వు ఎగతాళికి అడిగావు కానీ, నిజంగానే అవి గోడ పట్టుకుంటాయిరా. పెద్ద పెట్టె మధ్యలో వెలుతురుగా పెట్టి ఎలుకని వదులుతాం. భయంగా ఉన్నది గోడ వెంబడే తిరుగుతుంది. ధైర్యం ఉన్నది కాసేపు తటపటాయించి మధ్యలోకి వెళ్లి నిలబడి ముక్కు ఎగరేస్తుంది. ఇంకొకటి, ఎత్తు మీద కూడిక గుర్తు ఆకారంలో నాలుగు చేతులు చాచిన చిన్న వంతెనలాంటిది ఉంటుంది. రెండు చేతులకి గోడలుంటాయి, రెండు చేతులకి ఉండవు. గోడల్లేని చేతి మీదికి ఎంత దూరం నడిచిందన్నది చూస్తాం.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పరీక్ష పంచదార నీళ్లది. డబ్బాకి రెండు సీసాలు తగిలిస్తాం, ఒకదాంట్లో మామూలు నీళ్లు, ఒకదాంట్లో తీపి నీళ్లు. బాగున్న ఎలుక రుచి మరిగి తీపి సీసానే పట్టుకుంటుంది. బెంగ పడ్డదానికి ఏ సీసా అయినా ఒకటే. తీపి మీద కూడా మనసు పోదు. మొదటిసారి అది చూసినప్పుడు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

కానీ ఏది ఎంత తాగిందో తెలియాలంటే ఒక్కో డబ్బాలో ఒక్కటే ఉండాలి. నలుగుర్ని కలిపి పెడితే ఎవరు తాగారో ఎవరికి తెలుస్తుంది? అందుకని సగం ఎలుకల్ని గుంపులుగా ఉంచాను, వాటికి చక్రాలు, కాగితం గొట్టాలు, దూది, అంతా సందడి. మిగతా సగం విడివిడిగా, పై వరసలో, ఒక్కో డబ్బాలో ఒక్కటి. అక్కడ చప్పుడు ఉండదు, వెలుతురు కూడా తక్కువ పెట్టించాను. శుభ్రంగా, ప్రశాంతంగా ఉంటాయి. ఎవరూ వాటి జోలికి వెళ్లరు.

రెండు వరసల్లోనూ కొన్నిటికి మందు కలిపిన మేత, కొన్నిటికి మామూలు మేత. ఏ డబ్బాకి ఏదో నాకు తెలియదు. తెలిస్తే నా కళ్లు నాకు కావలసిందే చూస్తాయి. అన్ని పరీక్షలూ అయ్యాక పై అంతస్తులో లెక్కలు చూసే ఆవిడ విప్పి చెబుతుంది. అప్పటిదాకా నేను కూడా కళ్లకి గంతలు కట్టుకున్న మనిషినే.

ఆదివారం కూడా ఇక్కడే ఉన్నాను. ఇంట్లో ఉంటే తోచదు. ఎదురు ఫ్లాటువాళ్లు ఖాళీ చేసి వెళ్లిపోయాక మెట్ల మీద లైటు కూడా వేసేవాళ్లు లేరు. ఇక్కడైతే బట్టలు మార్చుకునే గదిలో కూర్చుని టిఫిన్ బాక్సు తిని, పై వరసవాళ్లకి కబుర్లు చెబుతాను. అవి బుద్ధిగా వింటాయి, నీలాగా మధ్యలో అడ్డుపుల్లలు వెయ్యవు.

అవునూ, నీ ఉత్తరం అడుగున నీలం మరకేంటి? పెన్ను కక్కుతుంటే కొత్తది కొనిపించుకో.

నీ
అక్క

~

అక్కకి,

పిన్ని కాలు బానే ఉంది. నా పెన్ను కక్కుతోంది, నిజమే.

ఈసారి ఉత్తరం ఆలస్యమైంది, తిట్టకు. రాయడానికి విశేషాలేం లేవు. తింటున్నాను, మాత్ర వేసుకుంటున్నాను, మధ్యాహ్నాలు పడుకుంటున్నాను. మధ్యాహ్నాలు మాత్రం బాగా నిద్రపోతున్నాను. పిన్ని కూడా పడుకుంటోంది. ఆ టైములో ఇల్లంతా నిద్రే అనుకో.

వచ్చే ఆదివారం వస్తానని రాశావట పిన్నికి. ఇప్పుడే వద్దక్కా. నువ్వు వస్తే నాకు ఆనందమే కానీ, కొన్నాళ్లు ఆగు. ఎందుకని అడక్కు. వద్దంటే వద్దు అంతే.

పంచదార నీళ్ల సంగతి పిన్నికి చదివి వినిపించాను.   ఆవిడ లేచి వెళ్లి ఎందుకో వంటింట్లో గిన్నెలన్నీ చప్పుడు చేస్తూ సర్దింది.

ఒక్క మాట అడగాలి. పై వరసలో వాటికి, ఎవరో పైనుంచి తమని చూస్తున్నారని తెలుస్తుందా?

నీ
తమ్ముడు

~

నా బంగారు తమ్ముడికి,

ఏమైందిరా నీకు? "వద్దంటే వద్దు" ఏమిటి? చిన్నప్పుడు జ్వరమొస్తే కూడా అక్క పక్కన కూర్చోవాలని ఏడ్చినవాడివి, ఇప్పుడు రావద్దంటున్నావు. నేనేమైనా తప్పుగా రాశానా?

నీ ఉత్తరం అందాక నా మనసు మనసులో లేదు. ఆగలేక మెట్లెక్కి ఆఫీసు గదిలోంచి పిన్ని ఇంటి ఫోనుకి చేశాను. మధ్యాహ్నం కదా, ఇద్దరూ పడుకున్నారేమో అనుకున్నాను. మర్నాడు మళ్లీ చేశాను. ఆ మర్నాడు మళ్లీ. మోగి మోగి ఆగిపోయింది. పిన్ని నిద్ర నాకు తెలియదా? పక్క వీధిలో ఎవరైనా తుమ్మినా లేచి కూర్చుంటుంది. ఫోను అంతసేపు మోగితే లేవదా?

డాక్టరమ్మ క్లినిక్‌కి కూడా చేశాను. నువ్వు రావలసిన రోజున రాలేదని రిసెప్షన్‌లో అమ్మాయి చెప్పింది. 

తమ్ముడూ, నువ్వు మాత్రలు మానేశావా? మానేస్తే తిట్టను. చెప్పు చాలు. లేవలేకపోతున్నావా? తినలేకపోతున్నావా? పిన్ని నా దగ్గర దాస్తోందా? ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు, ఆవిడే దాస్తోందంటే సంగతి ఎంత దూరం వెళ్లిందో అని నా భయం.

నువ్వు అడిగినదానికి జవాబు. తెలుస్తుందనే అనుకుంటున్నాను. నేను మూత తీయగానే పై వరసవి మూలకి వెళ్లిపోతాయి. కింద గుంపుల్లోవి మూత తీస్తే పైకి ఎగబాకి నా గ్లవ్స్ వాసన చూస్తాయి. నేను పట్టించుకోలేదు ఇన్నాళ్లూ, ఒంటరివి కదా, అలవాటు లేదనుకున్నాను.

వెంటనే రెండు ముక్కలు రాయి. రెండే చాలు.

నీ
అక్క

~

అక్కా,

రెండు ముక్కలు. బాగున్నాను. మాత్రలు మానలేదు.

డాక్టరమ్మ దగ్గరికి రోజు మార్చుకుని వెళ్లాం, రిసెప్షన్ అమ్మాయికి తెలియదేమో. నువ్వు కంగారు పడితే నా మీద ఒట్టే. కొన్నాళ్లు ఆగమన్నాను కదా, ఆగు. నువ్వు మాత్రం రాకు.

తమ్ముడు

~

తమ్ముడికి,

నీ కార్డు పది లైన్లు కూడా లేదు. దాన్ని ఎన్నిసార్లు చదివినా ఒకటే కనిపిస్తోంది, నన్ను రావద్దంటున్నావు. సరే. నేను వస్తున్నాను. కానీ ముందు ఒక సంగతి చెప్పాలి. చెప్పకుండా నీ మొహం చూడలేను.

ఎలుకల లెక్కలు విప్పారు. పై అంతస్తు ఆవిడ కాగితం చదువుతుంటే మా పెద్ద మేడమ్, నేను పక్కపక్కన కూర్చున్నాం. కింద గుంపుల సంగతి ముందు చెప్పింది. మందు తిన్నవి అన్ని పరీక్షల్లోనూ ముందున్నాయి. వెలుతురులోకి వెళ్లాయి, గోడల్లేని వంతెన మీద చివరిదాకా నడిచాయి. తర్వాత చూస్తే వాటి మెదళ్లలో ఆ ప్రోటీను నిండుగా ఉంది. మేడమ్ నా భుజం తట్టారు.

తర్వాత పై వరస. అక్కడ కూడా మందు తిన్నవాటికి ప్రోటీను అంతే నిండుగా ఉంది. కానీ అవి వెలుతురులోకి వెళ్లలేదు. తీపి సీసా ముట్టుకోలేదు. మామూలు మేత తిన్న ఒంటరివాటికంటే మందు తిన్న ఒంటరివి ఇంకా జంకాయి, ఇంకా దిగులు పడ్డాయి. ఆవిడ తప్పు చదివిందేమో అని మళ్లీ చదివించాను. తప్పు కాదు.

మేడమ్ అన్నారు, "పై వరస తీసేద్దామమ్మా. డబ్బాలో ఏదో తేడా వచ్చి ఉంటుంది. కిందది చాలు, బ్రహ్మాండంగా ఉంది."

నేను కాదన్నాను. ఆవిడ ముందు నేను గొంతు పెంచడం అదే మొదటిసారి. "పాడైంది కాదు మేడమ్, అదే అసలు సంగతి" అన్నాను. ఆ ప్రోటీను ఎలుకకి సంతోషం తెచ్చి పెట్టదురా. మెదడుని మెత్తబరుస్తుంది, తడిపిన మట్టిలాగా. తర్వాత దాని మీద ఏ ముద్ర పడితే అది నిలుస్తుంది. చుట్టూ సందడి ఉంటే సందడి ముద్ర. చుట్టూ ఏమీ లేకపోతే ఆ ఏమీ లేకపోవడమే ముద్ర. దిగులుందో లేదో కొలవడానికని నేనే వాటిని విడదీశాను. విడదీయడమే వాటికి దిగులైంది. నేను కొలిచింది నా డబ్బానే.

మేడమ్ కాగితం తీసుకుని మళ్లీ ఒకసారి చూసి, "సరే, మళ్లీ చెయ్యి. డబ్బా మధ్యలో చిల్లుల అడ్డు పెట్టి ఇటొకటి అటొకటి ఉంచు. ఎవరి సీసా వాళ్లదే, తోడుకి తోడు ఉంటుంది" అన్నారు. ఉద్యోగం పోతుందేమో అనుకున్నాను. పోలేదు, పని పెరిగింది.

ఇది చెప్పడానికి కాదు ఈ ఉత్తరం. మెట్లు దిగుతుంటే ఆగిపోయాను. కర్టెన్లు వెయ్యమన్నది నేను. ఎవర్నీ రానివ్వొద్దన్నది నేను. ఫోను బీరువాలో పెట్టించింది నేను. గట్టిగా మాట్లాడొద్దని పిన్ని నోరు నొక్కింది నేను. సరిగ్గా మాత్రలు నీ మనసుని మెత్తబరిచే రోజుల్లో నిన్ను తీసుకెళ్లి పై వరసలో పెట్టాను. పైగా వారం వారం మూత తీసి "తిన్నావా, పడుకున్నావా" అని చూస్తున్నాను. నువ్వు అడిగావు కదా, ఎవరో చూస్తున్నారని వాటికి తెలుస్తుందా అని. నువ్వు అడిగింది ఎలుకల గురించి కాదని నాకు అప్పుడు తట్టలేదు.

నన్ను రావద్దన్నది అందుకేనా? నా మీద కోపమా? కోపమైతే నా ముందు చూపించు, భరిస్తాను. కానీ కర్టెన్లు తీసెయ్యి. ఈ క్షణం తీసెయ్యి. మనుషుల్ని రానివ్వు, పిన్నిని అరవనివ్వు. శుక్రవారం సెలవు పెట్టాను. వచ్చి నిన్ను బయటికి తీసుకెళ్తాను. కుంచె పట్టకపోయినా ఫర్వాలేదు, నువ్వు నాకు నువ్వుగా ఉంటే చాలు.

క్షమించరా.

నీ
అక్క

~

మా పిచ్చి అక్కకి,

ఏడుపు ఆపు. ముందు కళ్లు తుడుచుకుని, మంచినీళ్లు తాగి, అప్పుడు చదువు. పిన్ని నా పక్కనే కూర్చుని ఒక్కో మాటకీ అడ్డం వస్తోంది, అక్షరాలు వంకరపోతే ఆవిడదే పూచీ.

కర్టెన్లు తీసి చాలా కాలమైంది. నువ్వు వెళ్లిన వారంలోనే, ఆ గ్లాసు నీళ్లు నా మీద పడ్డ తర్వాత రెండు మూడు రోజులకే అనుకుంటా, పిన్ని ధడాలున తలుపు తీసి కర్టెన్ లాగేసింది. ఊరంతా వినబడేలా అరిచింది.

"ఒరేయ్! నువ్వు పడుకున్నావు సరే, నేనెందుకు పడుకోవాలి? ఇలా గుసగుసలాడితే నీకంటే ముందు నాకు జబ్బు చేస్తుంది. లే. గ్రౌండులో గీతలు గీసే అతను రాలేదు."

పిన్ని రిటైరైనా మధ్యాహ్నాలు మన వీధి ఆడవాళ్లకి వాలీబాల్ నేర్పిస్తుందని నీకు తెలుసా? నాకు తెలియదు. లాండ్రీ ఆవిడ, మందుల షాపాయన భార్య, బ్యాంకులో క్యాషియర్, ఇంకా ఎవరెవరో. కోర్టు గీతలు చెరిగిపోయాయి.

"పిన్నీ, నా చెయ్యి వణుకుతుంది" అన్నాను.

"నేల మీద గీతరా. నేల ఎక్కడికీ పోదు, నువ్వు పడేదీ లేదు. వంకరొస్తే వంకర కోర్టులోనే ఆడతాం."

వంకరే వచ్చింది. మొదటి గీత చూసి క్యాషియరమ్మ "ఇది బౌండరీయా, పామా" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను అక్కా. ఆ గీత మీద బంతి లోపల పడిందా బయట పడిందా అని సాయంత్రం దాకా కొట్టుకున్నారు. మర్నాడు చెరిపి మళ్లీ గీశాను. అక్షరాలు కావు కదా, ఉత్త గీతలు. చెయ్యి చల్లబడలేదు. నీకు రాసి ఇంకా పోస్టు చెయ్యని ఉత్తరం మీద పడ్డ ఆ నీలం మరక కోర్టు రంగుది. నా పెన్నుకి ఏ జబ్బూ లేదు.

గీతల తర్వాత వెనక గోడ మీద స్కోరు అంకెలు రాయమన్నారు. సున్నా దగ్గర రెండు రోజులు ఆగాను. ఎవరూ ఏమీ అనలేదు. పిన్ని మాత్రం "సున్నా లేకపోతే ఆట ఎలా మొదలుపెడతాంరా" అని ఒకసారి అని ఊరుకుంది. మూడో రోజు రాశాను. అంకెలయ్యాక వాళ్ల పేర్లు. లాండ్రీ ఆవిడ పేరు రాసేటప్పుడు మాత్రం చెయ్యి బిగుసుకుంది, చాలాసేపు. ఆవిడ వచ్చి నా పక్కన నిలబడి "తొందరేం లేదయ్యా, నా పేరు ఎక్కడికి పోతుంది" అని అక్కడే కూర్చుని బట్టల మూట విప్పి మడతలు పెట్టుకుంది. ఆవిడ మూట అయ్యేసరికి పేరు అయింది.

నిచ్చెన ఇంకా ఎక్కలేదు. ఎక్కనని కాదు. అందినంత ఎత్తులో రాయడానికే ఇప్పుడు చేతినిండా పని ఉంది.

నీకెందుకు చెప్పలేదంటావా? పిన్నికి నువ్వంటే భయం. నీ ముందు మాటిచ్చి వెనక తప్పిందని తెలిస్తే నీ మొహం ఎలా చూడాలని. నా కారణం వేరు. మళ్లీ ఎప్పుడైనా చెయ్యి ఆగిపోతే? నీకు ఆశ పెట్టి, ఆ తర్వాత మళ్లీ గోడవైపు తిరిగితే, నువ్వు తట్టుకోలేవు. అందుకే గోడంతా పూర్తయ్యాక పిలుద్దామనుకున్నాం. ఆదివారాలు మ్యాచ్‌లు, నువ్వు సరిగ్గా ఆదివారమే వస్తానంటావు! క్లినిక్ రోజు కూడా ఆట వల్లే మార్చాం. డాక్టరమ్మకి మొదటినుంచీ అంతా తెలుసు. నా మాత్రలు వాటి లెక్కన నడుస్తూనే ఉన్నాయి, వాటిని తక్కువ చేసి మాట్లాడను. అవి లేకపోతే పిన్ని కర్టెన్ లాగినా నేను లేచేవాణ్ణి కాదు. అది నాకు బాగా తెలుసు. కానీ లేచాక వెళ్లడానికి ఒక చోటుండాలి కదా.

కాబట్టి క్షమాపణలు వెనక్కి తీసుకో. నువ్వు నన్ను పెట్టింది పై వరసలో కాదు, పిన్ని ఇంట్లో. ఆ తేడా నీకు అర్థమైతే చాలు.

ఇప్పుడు అసలు విషయం. నీ ఉత్తరాలన్నీ పిన్నికి చదివి వినిపిస్తుంటాను. పంచదార నీళ్ల ఉత్తరం చదివినప్పుడు ఆవిడ గిన్నెలు చప్పుడు చేస్తూ సర్దిందని రాశాను గుర్తుందా? ఎందుకో ఈమధ్యే చెప్పింది. "ఎలుకల సంగతి సరేరా, మీ అక్క అన్నం ఎవరితో తింటుంది?" అంది. అప్పుడు ఇద్దరం కూర్చుని నీ ఉత్తరాలు మళ్లీ మొదటినుంచీ చదివాం. ఇన్ని ఉత్తరాల్లో మనుషులెవరున్నారా అని చూస్తే వాచ్‌మన్, మీ మేడమ్, లెక్కలావిడ. వాచ్‌మన్ నిన్ను గుర్తుపట్టలేదు. బట్టలు మార్చుకునే గదిలో భోజనం. ఆదివారాలు ఎలుకలతో కబుర్లు. ఎదురు ఫ్లాటు ఖాళీ. మెట్ల మీద లైటు లేదు. చదువుతుంటే నాకు నవ్వు రాలేదక్కా. నన్ను బాగుచేయడానికి ఇంత తాపత్రయపడ్డావు, నీ సంగతి ఒక్కసారైనా రాశావా? నిద్ర పడుతోందా అని నన్ను అడుగుతావు. నీకు పడుతోందా?

శుక్రవారం సెలవు పెట్టావు కదా, రద్దు చేసుకోకు. కానీ బస్సెక్కకు. మేమే వస్తున్నాం. పిన్ని అప్పుడే రెండు సంచులు సర్దింది. వాటిలో బంతి కూడా ఉంది. మీ ఇంటి దగ్గర ఎక్కడైనా ఖాళీ స్థలం ఉందా అని అడుగుతోంది, ఉంటే ఆడవాళ్లని పోగు చేసే పూచీ తనదట. ఎన్నాళ్లుంటావు పిన్నీ అంటే, "దానికి నా గోల భరించలేక చచ్చేంత విసుగు రావాలి, అప్పుడు కదులుతా" అంది. నేను మాత్రం ఒక వారం ఉండి వచ్చేస్తాను, ఇక్కడ గోడ మీద ఇంకా ఐదారు పేర్లు మిగిలున్నాయి.

నాకు బాగాలేనప్పుడు నువ్వు వచ్చావు. నాకిప్పుడు బాగుందక్కా, అందుకే నేను వస్తున్నాను.

శుక్రవారం పొద్దున్న బస్టాండుకి వచ్చేసెయ్యి.

నీ
తమ్ముడు